తాళి కాదమ్మా, ‘తఆలీ’

విదేశాలకి పనివాళ్ళని పంపే వ్యవహారం చూసే అధికారులకి, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల్లో తిరిగే వీసా ఏజెంట్లకి, రొయ్యల ఫ్యాక్టరీల యజమానులకి బహిరంగ లేఖ

నమస్కారమండి.

మాది రాజోలు వైపు ఒక లంక గ్రామం. పదో తరగతి తప్పాక మా అమ్మ పక్కన కూర్చుని లేసు అల్లాను. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక, 2009లో, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం, అక్కణ్ణుంచి రైల్లో హైదరాబాదు, ఆ పైన కువైట్ వెళ్ళాను. అప్పుడు నాకు 31 ఏళ్ళు. రెండిళ్ళలో కలిపి పదకొండేళ్ళు ఇంటిపని చేసి 2020లో తిరిగొచ్చేశాను. మా అమ్మ అల్లిన లేసు ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో ఆవిడకి చివరిదాకా తెలీదు. నేను వెళ్ళేది ఎలాంటి ఇంటికో విమానం దిగేదాకా నాకూ తెలీదు.

ఇప్పుడు ఊళ్ళో మిషన్ కుట్టుకుంటున్నాను. గల్ఫ్ వెళ్ళబోయే ఆడవాళ్ళు సాయంత్రాలు వస్తే నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను. ఇది నా అరుగు మీద జరగాల్సిన పని కాదు, ప్రభుత్వం తరఫున పద్ధతిగా జరగాలి అని సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మొదటిదానికి మూడు వారాల తర్వాత ఫోనుకి మెసేజ్ వచ్చింది: ‘మీ అర్జీ పరిష్కరించబడినది.’ ఏం పరిష్కరించారా అని వెళ్ళి అడిగితే, ‘సంబంధిత శాఖకి పంపేశామమ్మా, మా వరకు అయిపోయినట్టే’ అన్నారు. రెండోదానికీ మూడోదానికీ కూడా అదే మెసేజ్. మీరంతా పనులున్నవాళ్ళు, కాదనను. కానీ మూడుసార్లు మెల్లగా చెప్పాను కాబట్టి ఈసారి నలుగురిలో చెబుతున్నాను. ఈ ఉత్తరంలో అక్షరదోషాలు మా ఊరి మాస్టారు దిద్దారు. మాటలు నావే.

కువైట్‌లో దిగిన మర్నాడు పొద్దున వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. ఇంటావిడని అక్కడ ‘మామా’ అంటాం, ఇంటాయన్ని ‘బాబా’ అంటాం. ఆ మామా హాల్లోంచి ‘తాలీ! తాలీ!’ అని కేకేసింది. నా చెయ్యి మెడ మీదకి పోయింది. తాళి ఎందుకడుగుతోంది? పనివాళ్ళ మెడలో బంగారం ఉండకూడదా? తీసుకుని దాస్తారా? ఏజెంటు ఈ సంగతి చెప్పలేదే! ఆవిడ మళ్ళీ అరిచింది, ఈసారి కోపంగా. నేను గొలుసు జాకెట్లోకి దోపుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ వంటింట్లోకి వచ్చేసరికి నేను ఏడుస్తున్నాను.

‘తఆలీ’ అంటే అరబ్బీలో ఆడమనిషిని ‘ఇలా రా’ అని పిలవడం. అంతేనండి. అది తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో ‘పిలిస్తే పలకదు, మొండిది’ అని ఆ ఇంట్లో నాకు పేరు పడిపోయింది. ఆ పేరు పోగొట్టుకోవడానికి ఏడాది పట్టింది.

ఈ కథ చెబితే మా ఊళ్ళో అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నవ్వు రాని సంగతులు కింద వరసగా రాస్తున్నాను.

1. మాట రాకపోతే ముందు పోయేది జీతం.

ఇక్కడ నాకు చెప్పింది 60 దినార్లు. అక్కడ ఇచ్చింది 40. కాగితం మీద ఏముందో నాకు తెలీదు, అరబ్బీలో ఉంది, సంతకం నాదే. మూడు నెలలు జీతం చేతికి రాకపోతే అడుగుదామని ‘మాష్’ అంటే జీతం అని నేర్చుకుని వెళ్ళి అడిగాను. మామా నవ్వుతూనే ‘బుక్రా, ఇన్షా అల్లా’ అంది. బుక్రా అంటే రేపు అని పక్కింటి ఫిలిప్పీన్స్ అమ్మాయి చెప్పింది. సంతోషంగా మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆవిడకి చిరాకొచ్చింది.

మనకి తెలియనిదేమీ కాదండి ఇది. కౌలు తగ్గించమని అడిగితే ఆసామీ ‘చూద్దాంలే’ అంటాడు. చూద్దాంలే అంటే చూస్తాడని ఎవరైనా అనుకుంటామా? ‘బుక్రా, ఇన్షా అల్లా’ కూడా చాలాసార్లు అలాంటి మాటే అని ఒక్కళ్ళు చెప్పి ఉంటే నేను మర్నాడే వెళ్ళి నిలబడేదాన్ని కాదు. ఎప్పుడు అడగాలి, ఎవరి ముందు అడగకూడదు, అడిగేముందు ఏం మాట్లాడాలి అని ఆ ఫిలిప్పీన్స్ పిల్లే నేర్పింది. చుట్టాలుండగా డబ్బు మాట ఎత్తకూడదు. రంజాన్ నెలలో సాయంత్రం, నోరెండిపోయి ఉన్నప్పుడు ఏదీ అడగకూడదు. ముందు పిల్లల ఆరోగ్యం, అమ్మగారి ఆరోగ్యం అడగాలి. అప్పుడు నెమ్మదిగా, ‘మా అబ్బాయికి కాలేజీ ఫీజు కట్టాలి’ అని కారణంతో సహా చెప్పాలి. అలా అడిగాక నాలుగో రోజున మూడు నెలల జీతం చేతిలో పెట్టింది.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకోటి ఉంది. 2015లో కువైట్ ఇంటిపనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. పని మానేసి వచ్చేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం ఇవ్వాలి. 2016లో కనీస జీతం 60 దినార్లు అని పెట్టారు. నేను అప్పుడు ఆ దేశంలోనే ఉన్నాను. ఆ ఇంట్లోనే, ఆ గిన్నెల దగ్గరే ఉన్నాను. ఇవన్నీ నాకు తెలిసింది ఊరికొచ్చాక, ఎవరో ఫోనులో పంపితే. వచ్చేటప్పుడు రావాల్సిన డబ్బు అడగకుండానే వచ్చేశాను. ఉందని తెలిస్తే కదా అడగడానికి.

2. దించుకున్న తల దొంగతనం ఒప్పుకున్నట్టు అయింది.

మొదటి ఇంట్లో మామా ఉంగరం కనపడలేదు. నన్ను పిలిచి అడిగింది. నేను తల దించుకుని నిలబడ్డాను. పెద్దవాళ్ళు గట్టిగా అడుగుతుంటే మొహంలోకి చూస్తే ‘ఏంటా చూపు’ అని తిట్టించుకుని పెరిగినవాళ్ళం. పైగా భయమేస్తే నాకు చిన్న నవ్వులాంటిది వస్తుంది, మా అమ్మకీ అలాగే. ఆవిడకి కనిపించింది కళ్ళలోకి చూడలేని, మూతి బిగబట్టి నవ్వుకుంటున్న మనిషి. ఇంకేముంది, దొంగ! ఫోన్ లాక్కున్నారు. మూడో రోజు వాషింగ్ మెషీన్ రబ్బరు మడతలో ఉంగరం దొరికింది. ఆ మూడు రోజులూ ఊళ్ళో మా ఆయనకి, పిల్లలకి నేను బతికున్నానో లేదో తెలీదు.

అయితే ‘తల ఎత్తి మాట్లాడండి’ అని ఒక్క ముక్క నేర్పి పంపినా ప్రమాదమే. అదే ఇంట్లో బాబా ఎదురుపడినప్పుడు చూపు దించుకోవడమే మర్యాద. ఆయనతో కళ్ళు కలిపి, నవ్వి మాట్లాడితే దానికి వేరే అర్థం తీస్తారు. మామా అడిగినప్పుడు ఎత్తాలి, బాబా అడిగినప్పుడు దించాలి. ఈ తేడా పుస్తకం చదివితే రాదండి. ఒకరు మామాలా, ఒకరు బాబాలా నిలబడి చేసి చూపించాలి. నా అరుగు మీద మేం చేసేది అదే. పిల్లలు నాటకం అనుకుని చూడటానికి వస్తారు.

3. జబ్బు చెప్పుకోలేకపోవడం.

మామిడికుదురు వైపు నుంచి వచ్చిన ఒక వదిన మా వీధిలోనే పని చేసేది. నడుము పక్కన నొప్పి. ‘అనా తాబానా’ అని చెప్పింది. తాబానా అంటే ఒంట్లో బాలేదనీ వస్తుంది, అలిసిపోయాననీ వస్తుంది. ఇంటివాళ్ళు రెండోది అనుకున్నారు. రెండు పనడాల్ బిళ్ళలిచ్చి పడుకోమన్నారు. మర్నాడు మళ్ళీ అదే మాట, మళ్ళీ అవే బిళ్ళలు. మూడో రోజు బద్ధకం అని తిట్టారు. నొప్పికి ‘వజా’ అనే మాట వేరే ఉంది. ఆ ఒక్క మాటా చెప్పి, చోటు చూపించి ఉంటే మొదటి రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళేవారేమో. ఐదో రోజు పడిపోయాక తీసుకెళ్ళారు. కిడ్నీలో రాయి, ఆపరేషన్. తేరుకున్నాక ఆరునెలల్లో వచ్చేసింది. అప్పు తీరలేదు, ఇప్పటికీ కడుతోంది.

4. చిన్నవిగా కనిపించేవి.

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. అధికారులకి జీతం, ఆసుపత్రి చెబితే అర్థమవుతాయి గానీ కాఫీ సంగతి చెబితే నవ్వుతారు. కానీ ఇంట్లో పనిచేసే మనిషికి మర్యాద దక్కేదీ పోయేదీ అక్కడే.

రెండో ఇంట్లో మగవాళ్ళు కూర్చునే గది వేరే ఉండేది, ‘దివానియా’ అంటారు. సాయంత్రం పూట అతిథులొస్తారు. ఒకరోజు నన్ను గహ్వా పట్టుకెళ్ళమన్నారు. గహ్వా అంటే అరబ్బీ కాఫీ, చిన్న పిడి లేని కప్పుల్లో ఇస్తారు. నేను మన పద్ధతిలో కప్పు నిండా, అంచుదాకా పోసి ఇచ్చాను. మన దగ్గర గ్లాసు తక్కువ పోస్తే ‘ఎంత పిసినారి ఇల్లో’ అంటారు కదా. ఒక పెద్దాయన కప్పు చూసి, బాబా వైపు చూసి, ఏదో అన్నాడు. అందరూ నవ్వారు, బాబా మొహం మాత్రం ఎర్రబడింది. గహ్వా కప్పులో అడుగున కొంచెమే పోయాలి, తాగిన కొద్దీ మళ్ళీ పోస్తూ ఉండాలి. అతిథి కప్పు అటూ ఇటూ ఊపితే చాలని అర్థం. నిండా పోశామంటే ‘తాగేసి బయల్దేరండి’ అన్నట్టు. ఇంకా ఉంది. పోసే కూజా ఎడమ చేత్తో పట్టుకోవాలి, కప్పు కుడి చేత్తో ఇవ్వాలి. నేను కూజా కుడి చేత్తో పట్టుకుని, కప్పు ఎడమ చేత్తో ఇచ్చాను! ఎడమ చేత్తో ఇవ్వడం మన దగ్గరా తప్పే. ఆ కంగారులో మన మర్యాద కూడా మర్చిపోయాను.

ఆ ఇంట్లో ఒక ముసలామె ఉండేది, బాబా తల్లి. మొదటి రోజు ఆవిడని చూడగానే వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను. ఆవిడ పాము కరవబోయినట్టు కాళ్ళు వెనక్కి లాక్కుంది. మనిషికి మనిషి అలా వంగకూడదు, వాళ్ళ మతంలో అది తప్పు. నేను మర్యాద చేశాననుకున్నాను, ఆవిడకి పాపం చుట్టుకుంటుందేమోనని భయపడింది. తర్వాత తర్వాత ఆవిడే నాకు ఎన్నో నేర్పింది. వాళ్ళ మనవణ్ణి చూసి ‘ఎంత ముద్దొస్తున్నాడో’ అని నా వచ్చీరాని అరబ్బీలో అంటే, వెంటనే నా నోటి మీద వేలు పెట్టి ‘మాషా అల్లా’ అనిపించింది. పొగిడి ఆ మాట అనకపోతే పిల్లాడికి ‘ఐన్’ తగులుతుందట. ఐన్ అంటే కన్ను. అర్థమైంది కదండీ, దిష్టి! మా అమ్మ పిల్లల బుగ్గన పెట్టే నల్లచుక్క గురించి నేను సైగలతో చెబితే ఆవిడ నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రోజు నుంచి నేను ఆవిడకి పనిమనిషి కన్నా కొంచెం ఎక్కువ అయ్యాను. పేరు పెట్టి పిలిచేది.

ఐదు వేళ్ళూ పైకి మొగ్గలా ముడిచి కొంచెం ఆడిస్తే అక్కడ ‘ఆగు, నిదానం’ అని. నేను చాలా రోజులు ‘తిన్నావా’ అని అడుగుతున్నారనుకుని ‘తిన్నానండి’ అని తలూపి పని కొనసాగించేదాన్ని. తల పక్కకి వంచి ఊపే మన ‘సరే’ వాళ్ళకి ‘కాదు’ అన్నట్టు కనిపిస్తుంది. ఇక ‘అండి’ లేకుండా మాట్లాడటం గోదావరి వాళ్ళకి ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఆ ‘అండి’ని ఎక్కడ తగిలించాలో తెలీక మొదట్లో అరబ్బీ మాటల చివర కూడా తగిలించేశాను.

తప్పంతా మాట రాకపోవడానిదే అని నేను అనడం లేదు. కొట్టే ఇళ్ళున్నాయి, తిండి పెట్టని ఇళ్ళున్నాయి. అరబ్బీ గడగడా వచ్చినవాళ్ళని కూడా కొట్టారు. వాటికి పోలీసు, ఎంబసీ, చట్టం కావాలి. నేను చెప్పేది కొట్టని ఇళ్ళ గురించి. అలాంటివే ఎక్కువ. అక్కడ కూడా మనవాళ్ళు ఎందుకు నిలబడలేకపోతున్నారు అనేదే నా బాధ.

5. ఇల్లు వదిలి పారిపోవడం.

రెండు నెలలు ఏమీ అర్థంకాక, ఏమీ చెప్పలేక, ఒకరోజు తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోతారు. అలాంటివాళ్ళని గల్ఫ్‌లో మనవాళ్ళు ‘ఖల్లివల్లి’ అంటారు. యజమాని పారిపోయిందని కేసు పెడితే అకామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి, పోతుంది. అకామా లేకపోతే ఎక్కడా న్యాయంగా పని దొరకదు, ఆసుపత్రికి వెళ్ళాలంటే భయం, ఊరికి రావడానికి దారి ఉండదు. ఆ దేశం క్షమాభిక్ష ప్రకటిస్తే తప్ప. కువైట్ 2018లో ఒకసారి, 2024లో ఒకసారి అలా ప్రకటించినప్పుడు మన జిల్లాల వాళ్ళు కూడా తిరిగొచ్చారు. కూతురు పెళ్ళికి, తల్లి చావుకి రాలేక ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. మీకు అది ఒక లెక్క. మా వీధిలో అయితే, ఆరేళ్ళ కొడుకుని వదిలి వెళ్ళిన మనిషి తిరిగొస్తే, మీసం వచ్చిన కుర్రాడు ‘ఈవిడెవరు’ అన్నట్టు చూశాడు.

ఇక శిక్షణ సంగతి. లేదని అబద్ధం చెప్పను. ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణ విదేశాంగ శాఖకి ఉంది. ఒక్క రోజు. పదో తరగతి పాసవని వాళ్ళు 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రభుత్వం ఇచ్చే క్లియరెన్సు కావాలి. అలాంటి ఆడవాళ్ళకి ఇంటిపనికైతే 30 ఏళ్ళు నిండాలి. ఆ దారిలో వెళ్ళినవాళ్ళకి పది లక్షల ప్రమాద బీమా కూడా ఉంటుంది, రెండేళ్ళకి 275 రూపాయలే. మంచి రూల్సే. కానీ ఏజెంటు విజిటింగ్ వీసా మీద ఎక్కించేస్తే ఈ దారే తగలదు. ఆ ఒక్క రోజు శిక్షణ కూడా ఉండదు. దారిలో వెళ్ళినవాళ్ళకైనా ఒక్క రోజులో ఏం ఎక్కుతుందండి? వరినాటు వెయ్యడం ఒక్క రోజులో వస్తుందా?

ఫిలిప్పీన్స్ వాళ్ళని చూసి నేను అసూయ పడేదాన్ని. వాళ్ళ ప్రభుత్వం ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి వెళ్ళే దేశం భాష కొంచెం, ఆచారాలు కొంచెం, టెన్షన్ ఎలా తట్టుకోవాలో కొంచెం నేర్పి పంపుతుంది. 400 డాలర్లకి తక్కువ జీతానికి పంపేది లేదని 2006లోనే చెప్పేసింది. నాకు మాట నేర్పిన పిల్ల వయసులో నాకన్నా పదేళ్ళు చిన్నది. కానీ మామా ఎదురుగా నిలబడి ‘ఇది నా పని కాదు, మేడమ్’ అని నవ్వుతూ చెప్పగలిగేది. ఆవిడ ఒప్పుకునేది కూడా.

మా మాస్టారు ఒక సంగతి చెప్పారు, ఇక్కడ రాయమని కాదు గానీ రాస్తున్నాను. కంపెనీ దొరలు 1812లో మద్రాసులో కాలేజీ పెట్టి, ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్రాళ్ళకి తెలుగో తమిళమో నేర్పి పరీక్ష పెట్టాకే జిల్లాలకి పంపేవారట. సి.పి. బ్రౌన్ అలా నేర్చుకునే 1820లో కడప వెళ్ళాడట, తర్వాత మన రాజమండ్రిలోనూ పని చేశాడట. శిస్తు వసూలు చేసే దొరకి రైతు భాష నేర్పి పంపారు. గిన్నెలు తోమే మాకు ఎవరి భాషా నేర్పకుండా పంపుతున్నారు.

6. మన దగ్గరకి వచ్చినవాళ్ళ సంగతి.

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే సగం అబద్ధం అవుతుంది.

భీమవరం వైపు రొయ్యల షెడ్లలో మా ఆడపడుచు పని చేస్తుంది. అక్కడ ఒడిశా అమ్మాయిలు చాలామంది. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్య తలలు తీయాలి, పొట్టు ఒలవాలి. ఒకరోజు ఒక అమ్మాయి తల పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరకి వెళ్ళి ‘ముండొ బింధుచి’ అంది. అతనికి మొదటి మాట ఒక్కటే వినిపించింది. అందరి ముందూ నన్ను అంత మాట అంటావా అని చెంప మీద కొట్టి, ఆ పూట కూలి కోసేశాడు. ఒడియాలో ‘ముండొ’ అంటే తల. తల నొప్పిగా ఉంది అని చెప్పింది ఆ పిల్ల.

మా ఆడపడుచు ఇది చెప్పినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత చెయ్యి నా మెడ మీదకి పోయింది.

అదే షెడ్డులో ఐసు ప్లాంటు దగ్గర అమోనియా గ్యాసు జాగ్రత్తల బోర్డు ఉందట. తెలుగులో, ఇంగ్లీషులో. గ్యాసు బయటికొస్తే ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, గాలి ఎటునుంచి వీస్తుందో అటువైపు వెళ్ళాలి అని అందులో ఉంది. ఆ ప్లాంటు పక్కనే పడుకునేవాళ్ళలో ఎక్కువమందికి ఆ రెండు భాషలూ చదవడం రాదు. దాన్ని బోర్డు అనాలా, గోడకి రంగు అనాలా? ఒడిశా నుంచి దాదన్ కూలీలుగా, అంటే ముందే అడ్వాన్సు తీసుకుని, వెళ్ళేవాళ్ళ కష్టాలు చూసే 1979లో వలస కార్మికుల చట్టం వచ్చిందని మాస్టారు చెప్పారు. చట్టం వచ్చి ఇన్నేళ్ళయినా ఆ బోర్డు మీదకి ఒడియా అక్షరం రాలేదు. కువైట్‌లో మనం ఏం పడ్డామో అదే ఇక్కడ వాళ్ళూ పడేలా చేస్తున్నాం. అక్కడి మామాని తిట్టే హక్కు నాకు ఉండాలంటే ఇక్కడి సంగతి కూడా నేనే చెప్పాలి.

మేం అడిగేవి ఇవి.

ఒకటి. గల్ఫ్‌కి ఎక్కువగా వెళ్ళే మండలాల్లో, మండలంలోనే, తెలుగులో, కనీసం పది సాయంత్రాల శిక్షణ పెట్టండి. డ్వాక్రా సంఘం భవనం చాలు, ఏసీ హాలు అక్కర్లేదు. చెప్పేవాళ్ళు అక్కడ పని చేసి తిరిగొచ్చిన ఆడవాళ్ళే అయ్యుండాలి, వాళ్ళకి రోజుకింత అని ఇవ్వాలి. డిగ్రీ ఉందా అని అడగకండి. విజిటింగ్ వీసా వాళ్ళని ‘మీరు రాకూడదు’ అని వెనక్కి పంపకండి. అసలు కావాల్సింది వాళ్ళకే. వస్తే ఆ వీసాతో ఇంటిపనికి వెళ్ళడం ఎంత ప్రమాదమో కూడా అక్కడే చెప్పవచ్చు.

రెండు. పుస్తకం అచ్చు వేసి చేతులు దులుపుకోకండి. చదవడం రానివాళ్ళున్నారు. జీతం, నొప్పి, సెలవు, పాస్‌పోర్టు, ‘నేను తీయలేదు’, ‘నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి’ లాంటి రెండు వందల మాటలు తెలుగు, అరబ్బీ రెండింట్లో పలికి ఫోనులో వినేలా ఇవ్వండి. ‘నాకు అర్థం కాలేదు’ అన్నది అన్నిటికన్నా ముందుండాలి. మనవాళ్ళు అర్థంకాకపోయినా తలూపేస్తారు, నాతో సహా.

మూడు. ఒప్పందం కాగితం ఇంట్లో నలుగురి ముందు తెలుగులో చదివి వినిపించాకే సంతకం. దాని ఫొటో ఒకటి ఇంటి దగ్గర ఉండాలి. జీతం అంకె దినార్లలోనూ రూపాయల్లోనూ రాయాలి.

నాలుగు. ఎంబసీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇస్తే సరిపోదు. శిక్షణలోనే ఒకసారి ఆ నంబరుకి ఫోన్ చేయించండి. తెలుగు మాట్లాడేవాళ్ళు ఏ వేళలో దొరుకుతారో చెప్పండి. ఒక్కసారి ఇక్కడ చేసి ఉంటే, అక్కడ చెయ్యి వణక్కుండా చేస్తారు.

ఐదు. ఏజెంట్లూ, మీకు. మీరు 30,000 రూపాయలు, ఆ పైన పన్ను మించి తీసుకోకూడదని రూలు ఉంది. ఎంత తీసుకుంటున్నారో మీకూ తెలుసు, మాకూ తెలుసు, దాని గురించి వేరే ఉత్తరం రాస్తాను. ముందు ఇది చేయండి. పంపే ముందు ఆ ఇంట్లో ఎంతమంది పిల్లలు, మంచాన పడ్డవాళ్ళు ఉన్నారా, వంట ఎవరు చేస్తారు, పడుకోవడానికి గది ఉందా అని అడిగి తెలుసుకుని చెప్పండి. పెళ్ళిసంబంధం చూసేటప్పుడు అడగమా ఇవన్నీ?

ఆరు. రొయ్యల ఫ్యాక్టరీల్లో ఒడియా, బెంగాలీ, హిందీ బోర్డులు పెట్టండి. గ్యాసు లీకైతే ఎటు పరిగెత్తాలో వాళ్ళ భాషలో చెప్పి, మూడు నెలలకోసారి నిజంగా పరిగెత్తించండి. సూపర్‌వైజర్లకి యాభై ఒడియా మాటలు నేర్పండి. తల, కడుపు, చలి, జ్వరం, గర్భం, సెలవు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు బల్ల మీద కూడా ఆ యాభై మాటల కాగితం ఉండాలి. చెయ్యి చేసుకున్న సూపర్‌వైజర్ మీద చర్య తీసుకోవాలి, ఏ భాష అర్థంకాకపోయినా.

శిక్షణ చెప్పడానికి మనుషులు ఎక్కడ దొరుకుతారు అని ఒక అధికారి నన్ను అడిగారు. మా మండలంలో కువైట్, మస్కట్, దుబాయ్ చేసి వచ్చినవాళ్ళు పదకొండుమంది ఒప్పుకున్నారు. వాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు మూడో అర్జీకి వెనక కుట్టి ఇచ్చాను. ‘పరిష్కరించబడినది’ అని మెసేజ్ వచ్చిన ఆ కాగితం మీ దగ్గరే ఎక్కడో ఉంటుంది. వచ్చే సోమవారం మేం పదకొండుమందీ వస్తున్నాం. రసీదు అక్కర్లేదు, ఏ రోజు నుంచి మొదలుపెట్టమంటారో చెప్పండి చాలు.

ఇట్లు,
పదకొండేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన రాజోలు వైపు మనిషి